కాలిన ఇంటి వెల: పునర్నిర్మాణ బీమా పుట్టి పెరిగిన తీరు

ముప్పై ఏళ్ళ కిందట కట్టిన ఇల్లు అగ్నిప్రమాదంలో బుగ్గయితే, బీమా చేయించుకున్న యజమానికి ఎంత ముట్టాలన్న ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. ప్రమాదానికి ముందురోజు ఆ ఇల్లు అమ్మి ఉంటే వచ్చే ధర మొదటిది. అలాంటి ఇల్లు ఇవాళ కట్టడానికి అయ్యే ఖర్చులోంచి ముప్పై ఏళ్ళ తరుగు తీసేయగా మిగిలేది రెండోది. తరుగు ఊసే లేకుండా, ఇవాళ్టి ధరల్లో మళ్ళీ కట్టడానికి అయ్యే పూర్తి ఖర్చు మూడోది. ఈ మూడో లెక్క మీద ఇచ్చే రక్షణనే బీమా రంగంలో రీప్లేస్‌మెంట్ కాస్ట్ కవర్ అనీ, రీఇన్‌స్టేట్‌మెంట్ అనీ అంటారు. తెలుగులో పునర్నిర్మాణ విలువ బీమా అనుకోవచ్చు.

ఈ మూడింటి మధ్య తేడా చిన్నది కాదు. కట్టడానికి ఇవాళ 30 లక్షల రూపాయలు పట్టే ఇంటికి అరవై ఏళ్ళ ఆయుష్షు వేసి, ముప్పై ఏళ్ళ తరుగు తీస్తే చేతికి వచ్చేది 15 లక్షలే. సగం ఇల్లు ఎవరూ కట్టుకోలేరు. అయినా మూడో లెక్కకు బీమా సంస్థలూ న్యాయస్థానాలూ చాలాకాలం సుముఖంగా లేవు. కాలిన పాత ఇంటికి బదులు కొత్త ఇల్లు వస్తుందంటే యజమానే నిప్పు పెట్టుకుంటాడన్న భయం వాటిది. ఇంటి బీమా చరిత్రలో ఎక్కువ భాగం, ఈ భయానికీ నిలువ నీడ లేనివాడి అవసరానికీ మధ్య నడిచిన వాదమే.

ఇళ్ళకు ఉమ్మడి రక్షణ మొదట గట్టిగా వేళ్ళూనుకున్న చోట్లలో జర్మనీలోని హాంబర్గ్ ఒకటి. అక్కడ 1591లో సుమారు వంద మంది బీరు తయారీదారులు తమలో ఎవరి బట్టీ కాలిపోయినా తక్కినవాళ్ళు తలా కొంత వేసుకుని మళ్ళీ నిలబెట్టాలని ఒప్పందం రాసుకున్నారు. బీరు కాచే ఇల్లు కాలితే ఆ కుటుంబం జీవనాధారమే పోతుంది కనుక, ఆ డబ్బు ఉద్దేశం స్పష్టం: మళ్ళీ కట్టుకోవడం. ఇలాంటి ఒప్పందాలు పెరిగిపోగా 1676లో నగర పాలకులు వాటన్నిటినీ కలిపి ఒకే అగ్ని నిధిగా చేశారు. హాంబర్గర్ ఫోయర్‌కాసె పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది.

అగ్ని బీమాను వ్యాపారంగా మార్చింది మాత్రం లండన్. 1666 సెప్టెంబరు 2న పుడ్డింగ్ లేన్‌లోని ఒక రొట్టెల బట్టీలో రేగిన మంట నాలుగు రోజుల్లో దాదాపు 13,200 ఇళ్ళను, 87 పారిష్ చర్చిలను మింగేసింది. ఇళ్ళు పోయిన తరువాత బయటపడిన చిక్కు మరొకటి. లండన్‌లో చాలామంది దీర్ఘకాలపు కౌలు మీద ఇళ్ళలో ఉండేవారు. మరమ్మతులన్నీ కౌలుదారువే అని ఆ పత్రాల్లో రాసి ఉండేది. ఇల్లు కాలిపోయినా అద్దె కట్టాలి, తిరిగి కట్టే భారమూ కౌలుదారుదే. ఉన్నదంతా బూడిదైన మనిషి మీద ఈ రెండు భారాలూ పడ్డాయి. తగాదాలు తేల్చడానికి పార్లమెంటు ప్రత్యేకంగా అగ్ని న్యాయస్థానాన్ని ఏర్పాటు చేసింది. అద్దె తగ్గించి, కౌలు గడువు పెంచి, ఎవరు కడితే వారికి గిట్టుబాటు అయ్యేలా అది తీర్పులిచ్చింది. కృతజ్ఞతగా నగరం ఆ న్యాయమూర్తుల చిత్రపటాలు గీయించి గిల్డ్‌హాల్‌లో పెట్టుకుంది. చట్టం అక్షరాన్ని పట్టుకుని వేలాడకుండా ఊరు మళ్ళీ లేవడమే ముఖ్యమనుకున్న ఆ కోర్టు, ఇంటి బీమా చరిత్రలో దక్కాల్సినంత పేరు దక్కని సంస్థ.

ఆ నగరాన్ని తిరిగి కట్టినవారిలో నికొలస్ బార్బన్ ఒకడు. వైద్యం చదివి, ఇళ్ళ నిర్మాణంలోకి దిగిన మనిషి. 1680-81 ప్రాంతంలో కొందరు భాగస్వాములతో కలిసి రాయల్ ఎక్స్ఛేంజి వెనక ఇళ్ళ బీమా కార్యాలయం తెరిచాడు. ఇటుక ఇంటికి ఏడాది అద్దెలో 2.5 శాతం, కలప ఇంటికి 5 శాతం ప్రీమియం. ఏ ఇంటికి నిప్పు తొందరగా అంటుకుంటుందో ఆ ఇంటికి రేటు ఎక్కువ అన్న సూత్రం అక్కడే స్థిరపడింది. తాటాకు కప్పుకు ఒక రేటు, కాంక్రీటు కప్పుకు మరో రేటు వేసిన భారతీయ టారిఫ్‌లు కూడా ఆ దారినే నడిచాయి. బార్బన్ తరువాత 1696లో హ్యాండ్ ఇన్ హ్యాండ్, 1710లో సన్ ఫైర్ ఆఫీస్ వచ్చాయి. బీమా ఉన్న ఇంటి గోడకు ఆయా సంస్థల లోహపు బిళ్ళలు తగిలించేవారు.

ఆ తొలి పాలసీల్లో చాలావాటిలో సంస్థకు రెండు దారులుండేవి: డబ్బు ఇవ్వడం, లేదా తానే ఇల్లు కట్టి అప్పగించడం. ఎంపిక సంస్థది, యజమానిది కాదు. నష్టాన్ని పెంచి చూపిస్తున్నారన్న అనుమానం వస్తే సంస్థ తన మేస్త్రీలను పంపేది. అంటే మళ్ళీ కట్టడం అన్న ఆలోచన అగ్ని బీమాలో మొదటి నుంచీ ఉంది. అది అప్పట్లో సంస్థ చేతిలో ఉన్న ఆయుధం. దాన్ని ఇతరుల హక్కుగా మార్చింది 1774లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం.

లండన్ అగ్ని నివారణ చట్టంగా పేరుపడిన ఆ శాసనంలోని 83వ సెక్షను దగ్గర కాసేపు ఆగడం అవసరం, ఎందుకంటే ఇవాళ్టి పాలసీల షరతులకు మూలం అందులోనే ఉంది. కాలిన ఇంటిలో ప్రయోజనం ఉన్న ఎవరైనా, అంటే కౌలుదారైనా, తాకట్టు పెట్టుకున్నవాడైనా, బీమా సొమ్మును ఆ ఇల్లు తిరిగి కట్టడానికే ఖర్చు పెట్టమని సంస్థను కోరవచ్చు. యజమానే నిప్పు పెట్టాడనో, మోసం చేశాడనో అనుమానించడానికి ఆధారం ఉన్నా సంస్థ ఆ పనే చేయాలి. క్లెయిమ్ తేలిన 60 రోజుల్లోగా, సొమ్మంతా నిర్మాణానికే పెడతానని హక్కుదారు పూచీ ఇస్తే తప్ప నగదు చేతికి రాదు. ఒక్క సెక్షనులో రెండు సమస్యలకు మందు దొరికింది. ఇల్లు తగలబెట్టి డబ్బుతో ఉడాయించే ఆశకు కళ్ళెం పడింది. తాకట్టుదారూ కౌలుదారూ నష్టపోకుండా నిలబడ్డారు. డబ్బును ఇటుకతో ముడివేస్తే మోసం తగ్గుతుందన్న ఈ మెలకువే, నూటయాభై ఏళ్ళ తరువాత పాతదానికి కొత్తది ఇవ్వడానికి బీమా సంస్థలకు ధైర్యమిచ్చింది.

ఈ ఆలోచన నీడ భారతదేశపు చట్టాల్లోనూ పడింది. 1882 ఆస్తి బదిలీ చట్టం 49వ సెక్షను ప్రకారం, అగ్ని బీమా ఉన్న స్థిరాస్తిని సొమ్ము చెల్లించి కొన్నవారు, అది కాలిపోతే అమ్మినవారికి వచ్చిన బీమా సొమ్మును ఆ ఆస్తిని బాగుచేయడానికే వాడాలని కోరవచ్చు. ఒప్పందంలో అందుకు విరుద్ధంగా రాసుకోకపోతేనే సుమా. తాకట్టు ఆస్తిని స్వాధీనంలో ఉంచుకున్న రుణదాత కూడా బీమా సొమ్మును ఆ ఆస్తి పునరుద్ధరణకో, బాకీ తగ్గించడానికో వాడాలని 76వ సెక్షను చెబుతుంది.

అమెరికాలో ఇంటి బీమాకు పునాది పడింది ఫిలడెల్ఫియాలో. బెంజమిన్ ఫ్రాంక్లిన్, మరికొందరు కలిసి 1752లో అక్కడ పరస్పర సంస్థ ఒకటి నెలకొల్పారు. పాలసీ ఇవ్వడానికి ముందు సర్వేయరు ఇంటికి వెళ్ళి గోడల మందం, అంతస్తులు, మెట్లు, చెక్కపని అన్నీ రాసుకునేవాడు. ఇల్లు పోయాక అది ఎలాంటిదో చెప్పే పత్రం అదే. ఏం పోయిందో తెలియకుండా ఏం కట్టాలో తేల్చలేరు కదా.

19వ శతాబ్దంలో బీమా వ్యాపారం విస్తరించేకొద్దీ న్యాయస్థానాలు నష్టపరిహార సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నాయి. బీమా నష్టాన్ని పూడ్చాలి, లాభం మిగల్చకూడదు. ఈ సూత్రానికి కట్టుగొయ్యలాంటి తీర్పు 1883లో ఇంగ్లండులో వచ్చిన కాస్టెలెయిన్ వర్సెస్ ప్రెస్టన్. ఇల్లు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. రిజిస్ట్రేషను కాకముందే కొంత కాలింది. అమ్మకందారుకు బీమా సంస్థ 330 పౌన్లు ఇచ్చింది. ఆ తరువాత కొన్నవారు ఒప్పుకున్న పూర్తి ధర కూడా చెల్లించారు. అమ్మకందారు రెండు వైపులా డబ్బు తీసుకోవడం కుదరదనీ, బీమా సొమ్ము వెనక్కి ఇవ్వాలనీ కోర్టు చెప్పింది. న్యాయమూర్తి బ్రెట్ ఆ సందర్భంగా చెప్పిన నష్టపరిహార సూత్రాన్ని భారతీయ బీమా పాఠ్యపుస్తకాలు కూడా ఇప్పటికీ బోధిస్తాయి.

సూత్రం సరే, పోయినదాని విలువ ఎలా కట్టాలి? అమెరికాలో ఈ ప్రశ్న రాష్ట్రానికో దారి పట్టింది. 1871 షికాగో అగ్నిప్రమాదం 17 వేలకు పైగా కట్టడాలను, వాటితోపాటు ఎన్నో బీమా సంస్థలను కూడా కూల్చింది. పాలసీ మీద రాసిన మొత్తానికి ప్రీమియం తీసుకుని, ఇల్లు పూర్తిగా కాలాక ‘దాని విలువ అంత లేదు’ అని వాదించడం మీద జనాగ్రహం పెరిగింది. విస్కాన్సిన్ రాష్ట్రం 1874లో, ఇల్లు పూర్తిగా నాశనమైతే పాలసీలో రాసిన మొత్తమే ఇచ్చి తీరాలని చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలు అనుసరించాయి. న్యూయార్క్ మాత్రం ప్రామాణిక అగ్ని పాలసీని తెచ్చి, చెల్లించేది ఆ ఆస్తికి ఆనాటికి ఉన్న వాస్తవ విలువ అనీ, అది మళ్ళీ కట్టే ఖర్చును దాటకూడదనీ రాసింది. పునర్నిర్మాణ ఖర్చు ఇక్కడ గరిష్ఠ పరిమితి మాత్రమే.

వాస్తవ విలువ అంటే ఏమిటో తేల్చిన కేసు 1928లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ముందుకు వచ్చిన మెకనార్నీ దావా. బీరు తయారీకి కావలసిన మాల్ట్ ధాన్యాన్ని సిద్ధం చేసే పాత కట్టడాలు కాలిపోయాయి. అప్పటికే మద్యనిషేధం వచ్చి వాటికి పని లేకుండా పోయింది. తరుగు తీసిన నిర్మాణ ఖర్చు ఇవ్వమని యజమాని, మార్కెట్‌లో వాటికి విలువే లేదని సంస్థ. ఏ ఒక్క కొలమానమూ చాలదు, కట్టడం వయసు, ఉపయోగం, మార్కెట్ ధర, నిర్మాణ ఖర్చు అన్నీ చూసి విలువ కట్టాలని కోర్టు చెప్పింది. నిరుపయోగమైన కట్టడం విషయంలో అది న్యాయమే. కానీ రోజూ కాపురం ఉంటున్న ఇంటికి ఇదే లెక్క వేస్తే, కుటుంబం నెత్తి మీద కప్పు ఉండదు.

ఆ లోటును గుర్తించి రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో, తరుగు తీయకుండా చెల్లించే రక్షణను అదనపు ప్రీమియం మీద ఇవ్వడం మొదలైంది. మామూలు కుటుంబాల దాకా అది చేరింది 1950లో. ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫ్ నార్త్ అమెరికా అనే ఫిలడెల్ఫియా సంస్థ అగ్ని, దొంగతనం, ఇతరులకు కలిగే నష్టానికి బాధ్యత, ఇలా విడివిడిగా కొనాల్సినవన్నీ కలిపి గృహస్థుల కోసం ఒకే పాలసీగా తెచ్చింది. యుద్ధానంతరం సైనికులు రుణాల మీద శివార్లలో ఇళ్ళు కొనుక్కుంటున్న కాలమది. ఇంటి కట్టడానికి తరుగు లేని పరిహారం ఈ తరహా పాలసీల్లో మామూలు అంశంగా స్థిరపడింది.

దాంతోపాటే రెండు షరతులు వచ్చాయి. మొదటిది, మళ్ళీ కట్టడం. ముందు తరుగు తీసిన విలువ మాత్రమే చెల్లిస్తారు. ఇల్లు కట్టాక, లేదా బాగుచేయించాక, బిల్లులు చూపిస్తే మిగిలిన తేడా ఇస్తారు. 1774 నాటి ఇటుకల ముడి మళ్ళీ ఇక్కడ కనిపిస్తుంది. రెండోది, 80 శాతం నియమం. ఇంటిని మళ్ళీ కట్టడానికి లక్ష డాలర్లు పడుతుందనుకుంటే కనీసం 80 వేలకు బీమా ఉండాలి. 60 వేలకే ఉండి, వంటింట్లో రేగిన మంటకు 20 వేల నష్టం జరిగితే, సంస్థ 20 వేలలో 80కి 60 వంతు, అంటే 15 వేలే ఇస్తుంది. తరుగు తీసిన విలువ అంతకన్నా ఎక్కువైతే అది ఇస్తుంది. ఇల్లంతా ఒక్కసారిగా పోవడం అరుదు, చిన్న నష్టాలే ఎక్కువ. అందుకని తక్కువ మొత్తానికి బీమా చేసి పూర్తి రక్షణ పొందేవారికీ, నిజాయితీగా పూర్తి విలువకు ప్రీమియం కట్టేవారికీ మధ్య న్యాయం చేయడానికి పెట్టిన నియమం ఇది. చాలామందికి క్లెయిమ్ రోజు దాకా ఇది తెలియకపోవడమే విచారకరం.

ఇంగ్లండులో ఇదే మార్పు 1970ల నాటి రెండు దావాల్లో బాగా కనిపిస్తుంది. రేనాల్డ్స్ కేసులో ఒక వ్యాపారి 1969లో పాత మాల్ట్ కట్టడాలను చాలా తక్కువ ధరకు కొని, 1973లో అవి చాలావరకు కాలేనాటికి ఆరు లక్షలకు పైగా బీమా చేయించాడు. కొన్న ధరతో పోలిస్తే అది వింతగా కనిపించింది. కానీ అతనికి వాటిని మళ్ళీ కట్టే ఉద్దేశం నిజంగా ఉందని నమ్మిన కోర్టు, మార్కెట్ ధరను పక్కన పెట్టి పునర్నిర్మాణ ఖర్చు లెక్కన రెండు లక్షల పౌన్లకు పైగా ఇప్పించింది. 1979లో లెపార్డ్ కేసు వచ్చింది. అమ్మకానికి పెట్టిన చిన్న ఇల్లు కాలింది. బీమా మొత్తం 14 వేల పౌన్లు, కట్టడానికి అయ్యే ఖర్చు 8 వేలు. కానీ యజమాని దాన్ని 4,500కు అమ్మడానికి సిద్ధపడి ఉన్నాడు. అందులో స్థలం విలువ 1,500. అతనికి పోయింది 3 వేలేనని కోర్టు తేల్చింది. రెండు తీర్పులకూ సూత్రం ఒక్కటే: ఇంట్లో ఉండబోయేవాడి నష్టం వేరు, వదిలించుకోబోయేవాడి నష్టం వేరు. ఈ విచక్షణ కోర్టుకు వదిలేయకుండా పాలసీలోనే రాసుకోవడం మేలన్న పాఠం బీమా సంస్థలు నేర్చుకున్నాయి. అదే దశాబ్దంలో ధరలు విపరీతంగా పెరిగాయి. బ్రిటన్‌లో 1975లో ద్రవ్యోల్బణం 24 శాతం దాటింది. ఏడాది కిందట సరిపోయిన బీమా మొత్తం ఈ ఏడాది చాలదు. అందుకని బీమా మొత్తాన్ని నిర్మాణ ధరల సూచీకి జతచేసే పద్ధతి వ్యాపించింది.

అమెరికాలో కొన్ని సంస్థలు ఇంకో అడుగు వేసి, పాలసీ మీద రాసిన మొత్తం దాటినా సరే పూర్తి ఇల్లు కట్టిస్తామని హామీ ఇచ్చాయి. ఆ హామీకి పరీక్ష 1991 అక్టోబరులో ఎదురైంది. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండల్లో రేగిన మంట 25 మంది ప్రాణాలను, మూడు వేలకు పైగా నివాసాలను బలి తీసుకుంది. ఒక్కసారిగా అన్ని ఇళ్ళూ కట్టాల్సి రావడంతో కూలీల రేట్లు, కలప ధరలు పెరిగాయి. దశాబ్దాల కిందటి ఇళ్ళను కొత్త భవన నిబంధనల ప్రకారం కట్టాల్సి వచ్చింది. పాలసీల్లోని అంచనాలు ఎంత తక్కువో అప్పుడు బయటపడింది. మరుసటి ఏడాది ఆండ్రూ తుపాను ఫ్లోరిడాను తుడిచిపెట్టింది. ఆ దెబ్బలతో పరిమితి లేని హామీలు చాలావరకు వెనక్కి పోయాయి. బీమా మొత్తం మీద 20, 25 శాతం వరకు అదనంగా ఇచ్చే విస్తరిత రక్షణ వాటి స్థానంలోకి వచ్చింది. భవన నిబంధనల వల్ల పెరిగే ఖర్చుకు విడిగా ఒక క్లాజు కొనుక్కోవాలి. 2018లో పారడైజ్ పట్టణాన్ని బూడిద చేసిన క్యాంప్ ఫైర్, 2021 చివర కొలరాడోలో వెయ్యికి పైగా ఇళ్ళను కాల్చిన మార్షల్ ఫైర్ తరువాత కూడా బీమా మొత్తం చాలదన్న మాటే వినబడింది. వడగళ్ళ వానలు ఎక్కువగా పడే టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో పాత పైకప్పులకు తరుగు తీసిన విలువే ఇస్తామనే పాలసీలు పెరిగాయి. డాలస్ శివార్లలో ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు.

భారతదేశంలో అగ్ని బీమా కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లోని ఏజెన్సీ హౌస్‌ల ద్వారా, లండన్ కంపెనీల తరఫున వచ్చింది. అది కాపాడింది ఎక్కువగా గోదాములను, మిల్లులను. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమై, వందకు పైగా సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా మారాయి. రేట్లు, షరతులు దేశమంతటా ఒకే టారిఫ్ ప్రకారం ఉండేవి. మామూలు పాలసీ మార్కెట్ విలువ మీద, అంటే తరుగు తీసి, చెల్లించేది. పునర్నిర్మాణ విలువ కావాలంటే ప్రత్యేక క్లాజు జతచేసుకోవాలి. ఆ క్లాజు ప్రకారం పని 12 నెలల్లో పూర్తి చేయాలి. డబ్బు నిజంగా ఖర్చు పెట్టేదాకా తరుగు తీసిన విలువకు మించి రాదు. బీమా మొత్తం పునర్నిర్మాణ ఖర్చు కన్నా తక్కువైతే పరిహారంలో కోత పడుతుంది. కర్మాగారాల యజమానులు దీన్ని వాడుకున్నారు. ఇంటివారిలో బీమా ఉన్నవారే తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినప్పుడూ, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్ళలోకి వచ్చినప్పుడూ చాలా కుటుంబాలు సొంత డబ్బుతోనో, అప్పుతోనో, ప్రభుత్వ సాయంతోనో గట్టెక్కాయి.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని అమల్లోకి తెచ్చింది. అగ్నితోపాటు తుపాను, వరద, భూకంపం వంటివి ఇందులో ఉన్నాయి. ఇంటి కార్పెట్ విస్తీర్ణాన్ని పాలసీ తీసుకున్న నాటి నిర్మాణ ఖర్చుతో గుణిస్తే బీమా మొత్తం వస్తుంది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,500 రూపాయలు పడుతుందనుకుంటే 25 లక్షలు. దీర్ఘకాల పాలసీల్లో ఈ మొత్తం ఏటా 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా, తనంతట తాను పెరుగుతుంది. తక్కువ మొత్తానికి బీమా ఉందన్న కారణంతో నిష్పత్తి ప్రకారం కోత వేసే పద్ధతిని ఈ పాలసీ వదిలేసింది. బీమా మొత్తం వరకు నష్టం ఇస్తారు. అంటే 40 లక్షల ఇంటికి 20 లక్షలకే బీమా ఉండి 10 లక్షల నష్టం జరిగితే, పాత పద్ధతిలో 5 లక్షలు వచ్చే చోట ఇప్పుడు 10 లక్షలు వస్తాయి. దీనికి మించిన మేలు సామాన్య పాలసీదారుకు ఇటీవలి కాలంలో మరొకటి జరగలేదనే చెప్పాలి. శిథిలాలు తొలగించడానికి క్లెయిమ్‌లో 2 శాతం, ఆర్కిటెక్టు, ఇంజినీరు రుసుములకు 5 శాతం దాకా కూడా ఇందులోనే ఇస్తారు. ఇంటి సామానుకు విడిగా వివరాలు ఇవ్వకపోయినా కట్టడం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంటుంది.

స్థలం విలువ ఈ లెక్కలో ఎక్కడా చేరదు, నేల కాలిపోదు కనుక. హైదరాబాదులో కోటి రూపాయలు పెట్టి కొన్న ఫ్లాటు ధరలో భూమిలో అవిభాజ్య వాటా, ఆ ప్రాంతపు గిరాకీ, బిల్డరు లాభం కలిసి ఉంటాయి. గోడలు, కప్పు, వైరింగు, తలుపులు తిరిగి కట్టే ఖర్చు అందులో ఒక భాగమే. గృహరుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు అప్పు మొత్తానికి పాలసీ రాయిస్తే, అది పునర్నిర్మాణ ఖర్చు కన్నా ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు. ముప్పై ఏళ్ళ కిందట పల్లెలో కట్టిన డాబా ఇంటికి లెక్క తిరగబడుతుంది: అమ్మితే వచ్చేది కొద్దిగానే ఉన్నా, సిమెంటు, ఇనుము, ఇసుక, మేస్త్రీ కూలీ ఇవాళ్టి రేట్లలో కలిపితే తిరిగి కట్టడానికి పట్టేది అంతకు ఎంతో మించుతుంది. భారత్ గృహ రక్షలో విస్తీర్ణం, చదరపు అడుగు ఖర్చు రెండూ పాలసీదారు ప్రతిపాదన పత్రంలో రాసేవే. సంస్థ బీమా మొత్తాన్ని వాటి మీదనే లెక్కగడుతుంది.